చెరువులో జలగలు, నత్తలు, నీటి పురుగుల సర్వే: వల పట్టడం నుంచి మ్యాపు గీయడం దాకా

ఊరి చెరువులో జలగల వైవిధ్యం మీద ప్రాజెక్టు తీసుకున్న డిగ్రీ, పీజీ విద్యార్థులు, వాళ్ళకు గైడ్లుగా ఉన్న లెక్చరర్లు అడిగే ప్రశ్నలు కొంచెం అటూ ఇటూగా ఒకటే. ఏ వల కొనాలి? ఎన్ని చోట్ల వేయాలి? స్పిరిట్‌లో (ఆల్కహాల్‌లో) వేయగానే జలగ ఉండలా ముడుచుకుపోతోంది, ఏం చేయాలి? పేరు తెలియకపోతే ఏమని రాయాలి?

వీటన్నిటికీ వరసగా జవాబులు ఇస్తాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. పట్టడం పెద్ద పని కాదు, చెరువులో చెయ్యి పెడితే ఏదో ఒకటి దొరుకుతుంది. వచ్చే ఏడాది ఇంకొకరు పక్క ఊళ్ళో పట్టినవాటితో పోల్చడానికి వీలయ్యేలా పట్టడమే అసలు పని. కింద చెప్పిన నియమాలన్నీ అందుకోసమే.

1. మొదట ప్రశ్న తేల్చుకోండి

"మా చెరువులో ఏమేం ఉన్నాయి" అన్నది ఒక ప్రశ్న. "పశువులు దిగే రేవులో, తామర ఉన్న వైపు, కట్ట రాళ్ళ దగ్గర దొరికేవి ఒకటేనా" అన్నది ఇంకో ప్రశ్న. "మండలంలో ఏ చెరువులో ఏ జలగ ఉంది" అన్నది మూడోది. మొదటిదానికి వీలైనన్ని మూలలు వెతకాలి. రెండోదానికి ప్రతి చోటా సమానంగా వెతకాలి. మూడోదానికి ఒక్క చెరువులో నెల రోజులు కూర్చునే బదులు ఎక్కువ చెరువులు తిరగాలి.

మూడూ ఒకేసారి చేద్దామనుకుంటే ఏదీ పూర్తి కాదు. మొదటిసారి చేసేవాళ్ళకు నా సలహా రెండోది. ఒక చెరువు, మూడు నాలుగు రకాల చోట్లు, మూడు కాలాలు చాలు.

కాలాలు ఇలా ఎంచుకోండి: వానలు తగ్గి చెరువు నిండాక నవంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, నీళ్ళు బాగా తగ్గిన ఏప్రిల్ చివరనో మే మొదట్లోనో ఒకసారి. ప్రతిసారీ ఉదయం అదే వేళకు వెళ్ళండి.

2. అనుమతి, ఒంటి జాగ్రత్త

చెరువు ఊరిదే అయినా చేపల హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘానిది. సంఘం పెద్దతోనూ, పంచాయతీతోనూ ముందే మాట్లాడండి. పిల్ల చేపలు ఎప్పుడు వదిలారో, చెరువులో సున్నం గానీ మందు గానీ ఎప్పుడు చల్లారో వాళ్ళే చెప్పగలరు. అది మీ నోటుపుస్తకంలోకి ఎక్కాల్సిన సమాచారం. కొల్లేరు, పాఖాల, పాపికొండల లాంటి అభయారణ్యాల్లో, రక్షిత ప్రాంతాల్లో అయితే అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా వల దించకండి.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి:

- ఒంటరిగా వెళ్ళడం లేదు కదా? ఒకరు నీళ్ళలో, ఒకరు ఒడ్డున ఉండాలి.
- మోకాలి దాకా వచ్చే గమ్ బూట్లు, రబ్బరు గ్లవ్స్ ఉన్నాయా?
- కాలికో చేతికో పుండు, గాయం ఉందా? ఉంటే ఆ రోజు నీళ్ళలోకి దిగే పని ఇంకొకరికి అప్పగించండి.
- తూము దగ్గరకు, అలుగు పారుతున్న చోటుకు వెళ్ళకూడదని అందరికీ చెప్పారా?
- పొడవాటి కర్ర ఉందా? అడుగు వేసే ముందు బురద లోతు చూడటానికి, కట్ట మీద గడ్డి కదిలించడానికి అది కావాలి. నీటిలో కనిపించే పాముల్లో ఎక్కువ శాతం నీరుకట్టులే, వాటికి విషం లేదు. కట్ట గడ్డిలో రక్తపింజర ఉండొచ్చు, భయపడాల్సింది దానికే.

ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వచ్చే అవకాశం ఉంది. సర్వే తర్వాత రెండు మూడు వారాల్లోపు గట్టి జ్వరం వస్తే చెరువులో దిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నత్తలు బాగా ఉన్న చోట కాళ్ళు దురద పెట్టడం కూడా మామూలే. నత్తల్లోంచి బయటికొచ్చే కొన్ని పరాన్నజీవుల పిల్లలు చర్మంలోకి దూరబోవడం వల్ల ఆ దురద వస్తుంది.

జలగ పట్టుకుంటే టెన్షన్ పడకండి. సన్నగా ఉన్న కొస నోటి వైపు. అక్కడ గోరు అడ్డంగా పెట్టి జరిపితే పట్టు వదులుతుంది, ఆ వెంటనే వెడల్పు కొసను కూడా అలాగే వదిలించండి. ఉప్పు, సున్నం, పొగాకు, అగ్గిపుల్ల వద్దు. అవి తగిలితే జలగ కడుపులోది గాయంలోకి కక్కుతుంది, దాంతో ఇన్ఫెక్షన్ భయం. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది. సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు నీళ్ళలోకి దిగకపోవడమే మంచిది.

3. సామాను

ఖరీదైనదేమీ అక్కర్లేదు.

- అర మిల్లీమీటరు కన్ను ఉన్న వల, ఒకవైపు చదునుగా ఉన్న ఫ్రేముకు కుట్టించి పొడవాటి కర్రకు బిగించినది. దోమతెర గుడ్డ కన్ను ఇంతకంటే పెద్దది, చిన్న పురుగులు జారిపోతాయి.
- తెల్ల ట్రేలు రెండు. ప్లాస్టిక్ అయినా సరే, తెల్లగా ఉండాలి.
- మెత్తని పెయింటింగ్ బ్రష్, ప్లాస్టిక్ చెంచా, డ్రాపర్, ఫోర్సెప్స్.
- బిగుతు మూతల డబ్బాలు, చిన్న సీసాలు.
- 70 శాతం ఆల్కహాల్. 95 శాతంది దొరికితే 74 పాళ్ళకు 26 పాళ్ళ నీళ్ళు కలపండి. డీఎన్ఏ పని ఉంటే 95 శాతందే వాడాలి.
- మందపాటి కాగితం ముక్కలు, పెన్సిల్.
- థర్మామీటరు, కొలత గుర్తులు పెట్టిన కర్ర, 10 రెట్ల భూతద్దం, ఫోన్.

పెన్ను తీసుకెళ్ళకండి. సీసా లోపల వేసే చీటీ మీద సిరాతో రాస్తే ఆల్కహాల్‌లో కరిగి నెల తిరిగేసరికి తెల్ల కాగితమే మిగులుతుంది. చీటీ సీసాకు బయట అంటిస్తే ఊడిపోతుంది, కాబట్టి లోపలే వేయాలి.

4. చెరువును చోట్లుగా విడగొట్టండి

కట్ట మీద నిలబడి ఒక స్కెచ్ వేయండి. మన చెరువుల్లో సాధారణంగా ఈ చోట్లు కనిపిస్తాయి: కట్ట రాళ్ళ వరస, పశువులు దిగే రేవు, తామర లేదా గుర్రపుడెక్క ఉన్న వైపు, నీళ్ళు వెనక్కి తీసిన శిఖం (చెరువు లోపలి నేల) వైపు మెత్తటి బురద, వాగు వచ్చి కలిసే మూల.

ఒక్కొక్క చోటుకు ఒక కోడ్ ఇవ్వండి. ప్రతిచోటా లోతు, నీటి వేడి, అడుగు ఎలా ఉంది, మొక్కలేమిటి, వేళ ఎంత అన్నవి రాయండి. వేళ ఎందుకంటే, మొక్కలు దట్టంగా ఉన్న చెరువులో తెల్లవారుజామున కరిగిన ఆక్సిజన్ బాగా తగ్గి మధ్యాహ్నానికి పెరుగుతుంది, దాన్నిబట్టి కొన్ని ప్రాణులు పైకీ కిందికీ కదులుతాయి.

వానకు నిండి నెలా రెండు నెలల్లో ఎండిపోయే కుంటలను చెరువులతో కలపకండి. చేపలు లేని ఆ గుంటల్లో స్ట్రెప్టోసెఫలస్, ట్రయాప్స్ లాంటి రొయ్య జాతి ప్రాణులు వాన పడిన కొద్ది రోజులకే తేలతాయి. వాటి గుడ్లు ఎండిన బురదలో మళ్ళీ వాన పడేదాకా బతుకుతాయి. అది వేరే లోకం, దానికి వేరే జాబితా పెట్టండి.

5. వల వేయడం

చోటుకు 3 నిమిషాలు. ఫోన్‌లో టైమర్ పెట్టి, వల నీళ్ళలో కదులుతున్న సమయాన్నే లెక్కించండి. మొక్కల మధ్య అయితే వేర్ల కింద నుంచి పైకి కుదుపుతూ లాగండి. రాళ్ళ దగ్గర వలను ఆనించి పట్టి, కాలితో రాళ్ళను కదిలించండి. బురదలో పైన ఒక అంగుళం మందం మాత్రమే గీకండి, లోతుగా తవ్వితే ఏరడానికే రోజంతా పడుతుంది.

వలలో పడినదాన్ని బకెట్ నీళ్ళలో కడిగి, పెద్ద ఆకులు, పుల్లలు ఒక్కొక్కటిగా తిప్పి చూసి పడేయండి. ఆ చూడటంలోనే సగం జలగలు దొరుకుతాయి.

6. జలగల కోసం వేరుగా వెతకండి

వల ఒక్కటే నమ్ముకుంటే జలగలు తక్కువగా లెక్కకు వస్తాయి. వెనక ఉన్న పెద్ద పట్టుతో (అతుక్కునే బిళ్ళలాంటి భాగంతో) రాయినో ఆకునో కరుచుకుని ఉంటాయి కాబట్టి వల వాటిని దాటిపోతుంది. అందుకే వల పని అయ్యాక చోటుకు 20 నిమిషాలు, ఒక మనిషి, చేత్తో వెతకాలి. ఇద్దరు వెతికితే 40 మనిషి-నిమిషాలు అని రాయండి.

ఎక్కడ చూడాలంటే:

- రాళ్ళు, ఇటుక ముక్కల అడుగు వైపు. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయండి.
- తామరాకు అడుగున, కాడ మొదట్లో.
- మునిగిన ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, టైరు ముక్కలు. చెత్తే కానీ చిన్న జలగలకు రాయి ఎంతో అదీ అంతే.
- నత్తల గుల్ల అంచుల్లో, ఆల్చిప్పల లోపల.
- కప్పలు, తాబేళ్ళ కాళ్ళ మొదళ్ళలో, వాటిని ఇబ్బంది పెట్టకుండా కనిపించినంత వరకు.
- ఒడ్డున తడి మట్టిలో. పశువుల జలగ తన గుడ్ల గూళ్ళను నీళ్ళలో కాకుండా అక్కడే పెడుతుంది.

కదిలే ఇసుక మీదా, వడిగా పారే చోటా వెతికి సమయం పోగొట్టుకోకండి. పట్టు దొరకని చోట జలగ నిలవదు.

పశువుల రేవులో పెద్ద జలగలు కావాలంటే బూటు మునగని లోతులో నిలబడి కర్రతో నీటిని చిన్నగా అలజడి చేస్తూ ఉండండి. గేదె దిగిందనుకుని అలలు అలలుగా ఈదుతూ వస్తాయి. బూటు మీద ఎక్కబోయేటప్పుడు వలతో తీసుకోవచ్చు.

రాత్రి బోను కూడా పెట్టొచ్చు. ప్లాస్టిక్ సీసాకు పెన్సిల్ పట్టేంత చిల్లులు పెట్టి, లోపల కోడి కాలేయం ముక్క, ఒక రాయి వేసి, తాడు కట్టి దించండి. తెల్లారగానే తీయాలి. దీనిలో దొరికినవాటిని వల లెక్కలో కలపకుండా వేరే గడిలో రాయండి. కాలేయానికి వచ్చేవి అన్ని జలగలూ కావు. నత్తలను, దోమ పిల్లలను, బురద పురుగులను (వానపాముల్లాంటి సన్నవాటిని) తిని బతికే జలగలు చాలా ఉన్నాయి, జలగంటే రక్తం తాగేదే అనుకుని వెతికితే వాటిని చూడరు.

7. ఒడ్డున ఏరడం

ట్రేలో రెండు వేళ్ళ లోతు శుభ్రమైన చెరువు నీళ్ళు పోసి, వల సరుకు కొద్దికొద్దిగా వేయండి. వెంటనే ఏరడం మొదలుపెట్టకండి. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే ముందు తూనీగ పిల్లలు, తర్వాత నత్తలు, చివరగా జలగలు కదలడం కనిపిస్తుంది. ట్రే నీడలో ఉండాలి, ఎండలో పది నిమిషాలకే నీళ్ళు వేడెక్కి సగం చస్తాయి.

జలగను ఫోర్సెప్స్‌తో లాగకండి. పట్టు వదలదు, లాగితే చర్మం చిట్లుతుంది. బ్రష్ కొనతో వెనక పట్టు కింద నుంచి నెమ్మదిగా తోసి, వదిలిన క్షణంలో చెంచాతో ఎత్తండి. ఆలస్యం చేస్తే చెంచాకు కూడా అతుక్కుంటుంది. డబ్బాలో మూడో వంతు నీళ్ళే పోసి మూత గట్టిగా బిగించండి. మూత వదులైతే ఇంటికి వెళ్ళేసరికి అవి మీ బ్యాగులో ఉంటాయి.

తూనీగ పిల్లలను, పెద్ద నీటి నల్లులను మిగతావాటితో కలిపి ఒకే డబ్బాలో వేయకండి. దారిలోనే తినేసి మీ వైవిధ్యం లెక్క తగ్గిస్తాయి.

8. బతికుండగానే రాసుకోవలసినవి

ఈ మెట్టు దాటేసినవాళ్ళే ఎక్కువ. స్పిరిట్‌లో పడిన కొద్ది రోజులకు రంగు పోతుంది, చారలు పోతాయి, ఆకారం మారుతుంది. బతికున్న జలగను చిన్న గాజు గిన్నెలో వేసి, కింద తెల్ల కాగితం, పక్కన స్కేలు పెట్టి వీపు, పొట్ట రెండు వైపులా ఫొటో తీయండి. తర్వాత ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి:

- చాచుకున్నప్పుడు పొడవెంత, ముడుచుకున్నప్పుడు ఎంత?
- ఈదుతోందా, పాకుతోందా? ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటోందా?
- కళ్ళు ఎన్ని జతలు, ఎలా అమరి ఉన్నాయి? భూతద్దంతో ముందు కొసన నల్ల చుక్కల్లా కనిపిస్తాయి.
- పొట్ట కింద గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్నాయా?

చదునుగా ఆకులా ఉండి, ఈదలేక నిదానంగా పాకుతూ, పొట్ట కింద పిల్లలను మోస్తూ కనిపిస్తే గ్లాసిఫోనిడే కుటుంబం. కళ్ళు ఒకటి నుంచి నాలుగు జతలు. పెద్దగా, కండగా ఉండి, బాగా ఈదుతూ, కళ్ళు ఐదు జతలు విల్లులా వంగి ఉంటే హిరుడినిడే. మన పశువుల జలగ హిరుడినేరియా ఇందులోదే. సన్నగా, ఎర్రగా, చురుగ్గా ఈదుతూ, మూడు జతల కళ్ళుంటే సాలిఫిడే అనుకోవచ్చు. ఆసియాకు చెందిన బార్బ్రోనియా వెబరి ఈ కుటుంబానిదే, అక్వేరియం మొక్కలతో పాటు ప్రయాణించి ఎన్నో దేశాలకు చేరింది. మీ చెరువులో ఎవరైనా అక్వేరియం మొక్కలు పారేస్తున్నారేమో అడిగి రాయండి.

జలగలా కనిపించి మోసం చేసేది ప్లనేరియా అనే చదును పురుగు. దానికి రెండు కొసలా పట్లు ఉండవు, ఒంటిమీద గాడులు (ఉంగరాల్లా చుట్టూ ఉండే గీతలు) ఉండవు, జారినట్టు పోతుంది. జలగ ముందు పట్టు వేసి, వెనక పట్టు తెచ్చి, ఒళ్ళు వంపు తిప్పుతూ నడుస్తుంది.

9. మత్తు, తర్వాత స్పిరిట్

నేరుగా స్పిరిట్‌లో వేస్తే జలగ గట్టిగా ముడుచుకుంటుంది. అప్పుడు గాడులు లెక్కపెట్టలేరు, జననరంధ్రాల మధ్య దూరం తెలియదు, నిపుణుడికి పంపినా లాభం లేదు. వరస ఇది:

(1) వెడల్పాటి గిన్నెలో జలగ మునిగేంత చెరువు నీళ్ళు పోయండి.

(2) 70 శాతం ఆల్కహాల్ నాలుగైదు చుక్కలు వేసి, కొన్ని నిమిషాలు ఆగి, మళ్ళీ వేయండి. అరగంట నుంచి గంట పట్టొచ్చు. ఆల్కహాల్ తక్కువగా ఉంటే గ్యాస్ పోని మామూలు సోడా నీళ్ళు కూడా పని చేస్తాయి.

(3) బ్రష్‌తో తాకినా కదలకపోతే మత్తెక్కినట్టు. కదిలితే ఇంకా ఆగండి.

(4) గ్లవ్స్ వేసుకున్న వేళ్ళ మధ్య నుంచి తీసి పైనున్న జిగురు తుడిచేయండి. జిగురు ఉంటే తెల్లగా గడ్డకట్టి గాడులు కప్పేస్తుంది.

(5) ట్రేలో తిన్నగా పరిచి, మునిగేలా 70 శాతం ఆల్కహాల్ నెమ్మదిగా పోసి, బిగుసుకున్నాక సీసాలోకి మార్చండి.

(6) మరుసటి రోజు ఆల్కహాల్ మార్చండి. ప్రాణి ఒంట్లోని నీళ్ళు కలిసి మొదటిది పలుచబడి ఉంటుంది.

డీఎన్ఏకి కావాలంటే వెనక పట్టు నుంచి చిన్న ముక్క ముందే కోసి 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మలిన్‌లో ఉన్నదాని నుంచి డీఎన్ఏ తీయడం చాలా కష్టం. ఒక్కొక్క రకం రెండు మూడు చాలు, మిగతావి లెక్కపెట్టి చెరువులోనే వదిలేయండి.

నీటి పురుగులకు ఇంత తతంగం లేదు, నేరుగా 70 శాతంలో వేయొచ్చు. నత్తలను మాత్రం రాత్రంతా మూత పెట్టిన గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్ళలో ఉంచితే ఒళ్ళు బయటికి చాచి ఉంటాయి.

10. పేరు ఎక్కడి దాకా రాయాలి

తెలిసినంత వరకే. కుటుంబం ఖాయంగా తెలిస్తే కుటుంబం రాసి ఆపండి. జాతి పేరు ఊహించి రాస్తే దాన్ని తర్వాత ఎవరూ సరిదిద్దలేరు. మన దేశపు జలగల మీద ఇప్పటికీ అందరూ తిరగేసే పెద్ద గ్రంథం 1927 నాటిది. ఆ తర్వాత పేర్లు మారాయి, హిరుడినేరియా గ్రాన్యులోసానే కొందరు పోసిలోబ్డెల్లా గ్రాన్యులోసా అంటారు. మీరు ఏది చూసి పేరు పెట్టారో రాసుకోండి.

మిగతావాటికి త్వరగా పనికొచ్చే గుర్తులు:

- తోక కొసన ఆకుల్లాంటి మూడు మొప్పలుంటే సన్న తూనీగ పిల్ల, లేకపోతే లావు తూనీగది.
- ఒళ్ళు ఎర్రగా ఉండి బురదలో మెలికలు తిరిగేది కైరోనోమిడ్ (దోమలా ఉండి కుట్టని ఈగ) పిల్ల. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది, ఆక్సిజన్ తక్కువైన చోట కూడా దాని బతుకు సాగుతుంది.
- వీపు మీద గుడ్లు పరుచుకుని ఉన్న నీటి నల్లి వేరే జాతి కాదు, గుడ్లు మోస్తున్న మగది.
- నత్త గుల్ల కొస పైకి పెట్టి నోరు మీ వైపు తిప్పండి. నోరు ఎడమకు ఉంటే ఫైసా అయ్యే అవకాశం ఎక్కువ. నోటికి మూత ఉంటే పైలా, బెల్లమ్యా లాంటివి, లేకపోతే లిమ్నియా, చుట్టలా చదునుగా ఉంటే ఇండోప్లానార్బిస్.

11. లెక్క, మ్యాపు

దొరకని చోట 0 వేయండి. ఖాళీ వదిలితే వెతకలేదో, వెతికినా దొరకలేదో తెలియదు. పంపిణీ అధ్యయనంలో ఆ సున్నా విలువ దొరికిన జలగ కంటే తక్కువ కాదు.

వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచిక వేయమని గైడ్లు అడుగుతారు. ఒక్కో రకం మొత్తంలో ఎంత వంతో చూసి, ఆ వంతును దాని సహజ సంవర్గమానంతో గుణించి, అన్నీ కూడి, గుర్తు మార్చాలి. నాలుగు రకాలు 25 చొప్పున ఉంటే 1.39 వస్తుంది. అవే నాలుగు రకాలు 97, 1, 1, 1 గా ఉంటే 0.17 మాత్రమే. రకాల సంఖ్య ఒకటే అయినా ఎంత తేడానో చూడండి, అందుకే రెండూ ఇవ్వాలి.

కుటుంబాలకు మార్కులు వేసి నీటి నాణ్యత చెప్పే బీఎండబ్ల్యూపీ పద్ధతి బ్రిటన్ నదుల కోసం పుట్టింది. అందులో చాలా జలగ కుటుంబాలకు 3, కైరోనోమిడ్లకు 2, బురద పురుగులకు 1. దాన్ని యథాతథంగా మన చెరువు మీద రుద్దితే మంచి చెరువు కూడా ఫెయిలవుతుంది. ఎక్కువ మార్కులు తెచ్చే రాతి ఈగల లాంటివి నిలవ నీళ్ళలో మామూలుగానే ఉండవు. వేస్తే ఒక చెరువు చోట్ల మధ్య పోలికకు మాత్రమే వాడండి.

మ్యాపులో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. హైదరాబాద్ సుమారు 17.38, 78.48. గడులు తారుమారైతే మీ జలగ ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. ఉచితంగా దొరికే మ్యాపు సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో చుక్కలు పెట్టండి. వెతికి దొరకని చోట్లను ఖాళీ వలయాలుగా చూపండి.

12. తరచూ జరిగే తప్పులు, సవరణలు

"వేసవిలో జలగలు పెరిగాయి" అని రాయడం. నీళ్ళు కుంచించుకుపోయి ఉన్నవే ఒకచోట గుమిగూడి ఉండొచ్చు. నీటి విస్తీర్ణం, లోతు పక్కనే ఇవ్వండి.

రేవులో గంటసేపు, బురదలో పావుగంట వెతికి రెండూ పోల్చడం. ఎక్కువైనదాంట్లో మొదటి 20 నిమిషాల లెక్క విడిగా ఉంటే అది వాడండి. లేకపోతే మళ్ళీ వెళ్ళాలి, వేరే దారి లేదు.

ముడుచుకుపోయిన నమూనా. పలుచని ఆల్కహాల్‌లో నానబెట్టినా పూర్తిగా సాగదు. ఫొటో ఉంటే కుటుంబం దాకా రాసి వదిలేయండి.

ఒక చెరువులో తడిసిన వల, బూట్లు అలాగే ఇంకో చెరువుకు తీసుకెళ్ళడం. చిన్న నత్తలు, గుడ్లు వాటితో పాటే వెళ్తాయి. కడిగి, పూర్తిగా ఎండలో ఆరబెట్టాకే వాడండి.

13. నమూనాలు ఎక్కడ పెట్టాలి

కాలేజీ ల్యాబ్‌లో చీకటి అలమరాలో, నంబరు రిజిస్టరుతో. పేరు తేలని వాటి గురించి హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉన్న జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రానికి ఫొటోలతో, చోటు వివరాలతో ముందు ఉత్తరం రాసి, రమ్మన్నాకే సీసాలు పట్టుకెళ్ళండి. విదేశీ ల్యాబ్‌కు పంపాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం నిబంధనలు వర్తిస్తాయి, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను సంప్రదించకుండా పార్సిల్ కట్టకండి.

ఆల్కహాల్ మూతలోంచి కూడా నెమ్మదిగా ఎగిరిపోతుంది. ఆర్నెల్లకోసారి సీసాలన్నీ తీసి, మట్టం తగ్గినవాటిలో 70 శాతందే పోసి, ఆ తేదీ రిజిస్టరులో పెన్సిల్‌తో వేయండి.